రాయి విడిచిన ఊపిరి
(మాస్టారి స్మారక ధర్మనిధి ఉపన్యాసం)



మాస్టారి చేతిసంచిలో ఎప్పుడూ మూడు వస్తువులుండేవి. ఒక సుత్తి, ఒక భూతద్దం, రబ్బరు బిరడా బిగించిన చిన్న గాజుసీసా. సీసాలో నీళ్ళు కలిపిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం. మమ్మల్ని కొండల్లోకి తీసుకెళ్ళినప్పుడు దారి పక్కన ఒక రాతిముక్క ఏరి, బండ మీద పెట్టి, ఒక్క చుక్క వదిలేవారు. సున్నపురాయి అయితే చుక్క పడ్డ చోట బుసబుసా పొంగేది.

"ఏం వస్తోందిరా?"

"గ్యాసండీ."

"ఏ గ్యాసు?"

"కార్బన్ డయాక్సైడండీ."

"అది లోపలికి ఎప్పుడు వెళ్ళింది? వెళ్ళేటప్పుడు ఏం చూసింది?"

మొదటి రెండు ప్రశ్నలకూ పుస్తకం చదివినవాడు ఎవడైనా జవాబు చెప్పేవాడు. మూడోదానికి అందరం నేల చూపులు చూసేవాళ్ళం. ఆయన కూడా జవాబు చెప్పకుండా సీసాకు బిరడా బిగించి ముందుకు నడిచేవారు. ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ మూడో ప్రశ్న గురించే. ప్రాచీన గ్రీసు, రోము శిల్పుల చేతుల్లో విగ్రహాలుగా, స్తంభాలుగా మారిన పాలరాయి ఏ కొండ నుంచి వచ్చిందో రసాయన పరీక్ష ఎలా చెబుతుంది, ఎంతవరకు చెబుతుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నది నా విషయం.

పేరులో రంగు ఉంది, ఊరు లేదు

ఈ రాయికి తెలుగులో రెండు చక్కని పేర్లున్నాయి. కంటికి కనిపించినదాన్ని బట్టి పాలరాయి, పాదానికి తగిలినదాన్ని బట్టి చలువరాయి. ఎక్కడి రాయి అన్నది రెండు పేర్లలోనూ లేదు. మ్యూజియాల్లో విగ్రహం పక్కన పెట్టే చీటీలు కూడా చాలాకాలం అంతే చెప్పేవి: పాలరాయి, రోమన్, రెండో శతాబ్దం.

భూగర్భశాస్త్రం లెక్కలో పాలరాయి అంటే రూపు మారిన సున్నపురాయి. సముద్రం అడుగున పేరుకున్న గవ్వల పొడీ, సున్నపు బురదా గట్టిపడితే సున్నపురాయి. అది భూమి లోతుల్లోకి కుంగి, వేడికీ ఒత్తిడికీ లోనై, లోపలి రేణువులు కొత్త స్ఫటికాలుగా పెరిగితే పాలరాయి. రసాయనికంగా రెండూ కాల్షియం కార్బొనేటే. కొన్ని చోట్ల కాల్షియంతో పాటు మెగ్నీషియం కూడా చేరి డోలమైట్ అవుతుంది. డోలమైట్ పేరు గుర్తుంచుకోండి, కాసేపట్లో ఒక పెద్ద తగాదాలో మళ్ళీ వస్తుంది.

మధ్యధరా ప్రాంతంలో పాలరాతి క్వారీలు చాలా ఉన్నాయి. ఏథెన్సుకు దగ్గర్లో పెంటెలికాన్, హైమెటస్ కొండలు. ఏజియన్ సముద్రంలో నాక్సోస్, పారోస్ దీవులు, ఉత్తరాన థాసోస్. నేటి టర్కీలో ప్రోకొన్నెసస్ దీవి. ఆ దీవికీ, దాని చుట్టూ ఉన్న సముద్రానికీ ఇప్పుడున్న మర్మరా అన్న పేరు గ్రీకులో పాలరాయికున్న మాట నుంచే వచ్చింది. లోపలి మెట్టప్రాంతంలో డోకిమియోన్. ఇటలీలో కరారా.

ఎక్కడిదైతే ఏమిటి, అందంగా ఉంది కదా అనవచ్చు. పార్థెనాన్‌నే చూడండి. క్రీ.పూ. 447లో ఆ గుడి కట్టడం మొదలుపెట్టినప్పుడు గోడలకూ స్తంభాలకూ పదహారు కిలోమీటర్ల దూరంలోని పెంటెలికాన్ రాయి వాడారు. పైకప్పు పెంకులకు మాత్రం పారోస్ రాయిని ఓడల మీద తెప్పించారు. పారోస్ రాయి వెలుతురును కొంత తన లోపలికి రానిస్తుంది. ఇంటి పక్కన కొండ ఉండగా సముద్రం దాటి రాయి తెచ్చారంటే ఆ ఊరి దగ్గర ఎంత డబ్బుందో, ఎన్ని ఓడలున్నాయో, రాతిపనివాళ్ళ కన్ను ఎంత నిశితమో తెలుస్తుంది. శిల్పం కళను చెబితే దాని రాయి సంతనూ, రేవునూ, రాజ్యాన్నీ చెబుతుంది.

కంటి లెక్క

రాళ్ళను గుర్తుపట్టే పని కొత్తదేమీ కాదు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు ప్రాణం వదిలిన రోమన్ పండితుడు ప్లినీ తన మహాగ్రంథంలో ముప్పై ఆరో భాగాన్ని రాళ్ళకే కేటాయించాడు. పారోస్‌లోని మేలు రకం పాలరాయిని లిక్నైటిస్ అనేవారట. గ్రీకులో లిక్నోస్ అంటే దీపం. భూమి లోపల సొరంగాల్లో దీపాల వెలుతురులో తవ్వేవారు కాబట్టి ఆ పేరు వచ్చిందని, వారో అనే మరో పండితుణ్ణి సాక్షిగా పెట్టి ప్లినీ రాశాడు. మన దగ్గర రాయి కొట్టేవాళ్ళు శబ్దం విని రాతి గుణం చెప్పినట్టే, అక్కడి పనివాళ్ళు రంగూ, రేణువూ, ఉలికి లొంగే తీరూ చూసి చెప్పేవారు.

ఈ కంటి లెక్కను శాస్త్రంగా మలచే ప్రయత్నం 1890లో జరిగింది. జర్మన్ భూగర్భశాస్త్రవేత్త రిచర్డ్ లెప్సియస్, ఈజిప్టు పురావస్తు పరిశోధనలో ప్రసిద్ధుడైన లెప్సియస్ కుమారుడు, గ్రీకు పాలరాళ్ళ మీద ఒక గ్రంథం ప్రచురించాడు. రాతిని కాగితం కన్నా పల్చగా అరగదీసి, సూక్ష్మదర్శినిలో రేణువుల పరిమాణం, అంచుల తీరు, మధ్యలో చేరిన ఇతర ఖనిజాలు చూసి క్వారీలను విడదీశాడు. కరారా రాయి సన్నని రేణువు, నాక్సోస్ రాయి ముతక రేణువు, పెంటెలికాన్ రాయిలో ఇనుము ఉండడం వల్ల కాలం గడిచేకొద్దీ బంగారు ఛాయ. ఈ గుర్తులు ఇప్పటికీ చెల్లుతాయి.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, తర్వాతి తరాలవాళ్ళు సూక్ష్మదర్శిని పక్కన పెట్టి పేర్లు మాత్రం ఉంచుకున్నారు. కాస్త మెరుపూ ముతకదనమూ ఉన్న మంచి విగ్రహం కనబడితే పారోస్ రాయి అనేవారు. పారోస్ అన్నది ఊరి పేరుగా మొదలై పొగడ్తగా మారింది. 1960లలో న్యూట్రాన్లతో రాతిని ఉత్తేజపరచి అందులోని సూక్ష్మ మూలకాలను కొలిచే పద్ధతి వచ్చింది. మాంగనీసు, సోడియం ఎంత ఉన్నాయో కొలిచారు. తీరా చూస్తే ఒకే క్వారీలో ఈ గోడకూ ఆ గోడకూ లెక్క మారిపోయింది. ఒక్క మూలకాన్ని నమ్ముకుంటే కుదరదని తేలింది.

గ్యాసు తెచ్చిన కబురు

ఇక్కడ మాస్టారి సీసా దగ్గరికి వస్తున్నాను.

కార్బన్ పరమాణువులన్నీ ఒకే బరువు కావు. వందలో సుమారు తొంభై తొమ్మిదింటి బరువు 12 అయితే ఒక్కటి 13 ఉంటుంది. ఆక్సిజన్‌లో ఎక్కువ వాటి బరువు 16, సుమారు అయిదువందలకు ఒకటి 18. ఒకే మూలకం, వేర్వేరు బరువులు: వీటినే ఐసోటోపులంటాం. బరువైనవీ తేలికైనవీ రసాయనికంగా ఒకేలా ప్రవర్తిస్తాయి గాని, నీళ్ళ వేడిని బట్టి, చుట్టూ ఉన్న ద్రవాన్ని బట్టి వాటి పాళ్ళు కొద్దికొద్దిగా మారతాయి. గవ్వలోని ఆక్సిజన్ పాళ్ళను బట్టి అది పెరిగిన సముద్రపు వేడిని లెక్కగట్టవచ్చని షికాగోలో హెరాల్డ్ యూరీ, ఆయన శిష్యులు చూపించారు.

ఇప్పుడు రాయి కథ వినండి. సముద్రం అడుగున సున్నపు బురద పేరుకునేటప్పుడు ఆనాటి నీటిలోని కార్బన్, ఆక్సిజన్ పాళ్ళు అందులో నమోదవుతాయి. తర్వాత ఆ పొర భూమి లోపల ఉడికేటప్పుడు పగుళ్ళలో పారే వేడి ద్రవాలు ఆక్సిజన్ పాళ్ళను మారుస్తాయి. కార్బన్ అంత సులువుగా మారదు, చాలామటుకు పాత సముద్రపు లెక్కనే పట్టుకుని ఉంటుంది. కాబట్టి కార్బన్ పుట్టిన చోటును గుర్తుంచుకుంటే, ఆక్సిజన్ పడ్డ కష్టాలను గుర్తుంచుకుంటుంది. రెండిటినీ జత చేసి చూస్తే ఒక్కో కొండకూ ఒక్కో జాతకం. మాస్టారూ, అది లోపలికి వెళ్ళింది సముద్రం అడుగున బురద పేరుకునేటప్పుడు. చూసినవి సముద్రమూ, తర్వాత భూగర్భమూ.

కొలిచే తీరు ఇలా ఉంటుంది. విగ్రహంలో కనబడని చోటు నుంచి, పాతగా విరిగిన అంచు నుంచో పీఠం అడుగు నుంచో, కొన్ని మిల్లీగ్రాముల పొడి తీస్తారు. పైపొర పనికిరాదు, వానకూ గాలికీ దాని లెక్క చెడి ఉంటుంది. లోపలి తాజా రాయి కావాలి. ఆ పొడి మీద ఫాస్ఫోరిక్ ఆమ్లం వేస్తారు. పొంగుతుంది. వచ్చిన కార్బన్ డయాక్సైడును శుద్ధి చేసి మాస్ స్పెక్ట్రోమీటరులోకి పంపిస్తే, అది అణువులను బరువుల వారీగా విడదీసి లెక్కపెడుతుంది. వచ్చిన పాళ్ళను ఒక ప్రమాణంతో పోల్చి, వెయ్యికి ఎంత తేడా ఉందో చెబుతారు. మొదట్లో ఆ ప్రమాణం అమెరికాలోని దక్షిణ కరొలైనాలో పీడీ అనే రాతిపొరలో దొరికిన బెలెమ్నైట్ శిలాజం, కణవ మీనుకు దూరపు చుట్టమైన ఒక జీవి గుల్ల. ఆ గుల్ల పొడి ఎప్పుడో అయిపోయింది. అయినా లెక్క ఇప్పటికీ దాని పేరుమీదే నడుస్తోంది, కుంచం పోయినా కుంచం కొలత మిగిలినట్టు.

యూరీ శిష్యుల్లో ఒకరు హార్మన్ క్రెయిగ్. ఆయనా, ఆయన భార్య వాలెరీ క్రెయిగ్ కలిసి గ్రీసులోని పాత క్వారీలకు వెళ్ళి నాక్సోస్, పారోస్, హైమెటస్, పెంటెలికాన్ నుంచి రాళ్ళు సేకరించారు. 1972లో సైన్స్ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. అడ్డగీత మీద ఒక ఐసోటోపు, నిలువుగీత మీద మరొకటి పెట్టి గుర్తులు వేస్తే నాలుగు చోట్ల రాళ్ళూ నాలుగు గుంపులుగా విడిపోయాయి. ప్లినీ చెప్పిన దీపాల గని రాయిలో కార్బన్-13 పాళ్ళు మిగతావాటికన్నా స్పష్టంగా ఎక్కువ. దాదాపు పంతొమ్మిది వందల ఏళ్ళ పాటు మెచ్చుకోళ్ళతో నెట్టుకొచ్చిన రాయికి మొదటిసారి ఒక అంకె దక్కింది.

ఆ తర్వాత జార్జియా విశ్వవిద్యాలయంలో నార్మన్ హెర్జ్ మరిన్ని క్వారీల అంకెలు కూర్చి 1987లో ఒక పెద్ద పట్టిక ప్రచురించాడు. 1988లో ఇటలీలో జరిగిన సమావేశంలో ఈ పని చేసేవాళ్ళంతా కలిసి అస్మోసియా అనే సంఘం పెట్టుకున్నారు. రసాయనశాస్త్రజ్ఞుడూ, శిల్పచరిత్రకారుడూ, క్వారీలు తిరిగే భూగర్భశాస్త్రజ్ఞుడూ ఒకే బల్ల దగ్గర కూర్చునే అలవాటు అక్కడ బలపడింది.

మునిగిన ఓడ, ఎగిరే దేవత

ఫలితాలు ఎలా ఉంటాయో రెండు ఉదాహరణలు చెబుతాను.

టర్కీ పడమటి తీరంలో కిజిల్‌బురున్ అనే చోట క్రీ.పూ. మొదటి శతాబ్దంలో ఒక ఓడ మునిగింది. 2005 నుంచి కొన్నేళ్ళ పాటు నీటి అడుగున తవ్వకాలు జరిపారు. ఓడలో ఎనిమిది భారీ పాలరాతి దిమ్మెలు, ఒక డోరిక్ బోదె దొరికాయి. ఒకదాని మీద ఒకటి పేర్చితే ఒకే స్తంభం అవుతుంది. ఒక పెద్ద స్తంభం ముక్కలుగా ప్రయాణం చేస్తోందన్నమాట. రాయి ఎక్కడిది? పరీక్షలు ప్రోకొన్నెసస్ అని చెప్పాయి. స్తంభం ఎక్కడికి వెళుతోంది? కొలతలనూ శైలినీ చూసి క్లారోస్‌లోని అపోలో గుడికి అని డెబొరా కార్ల్‌సన్, విలియం ఏల్‌వర్డ్ నిర్ణయించారు. రాయి బయలుదేరిన ఊరు రసాయనం చెప్పింది, చేరాల్సిన ఊరు వాస్తుశాస్త్రం చెప్పింది, ఆగిపోయిన చోటు సముద్రం చెప్పింది. ఈ మూడూ కలిస్తేగాని ఆ ఓడ కథ పూర్తి కాలేదు.

రెండోది పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం మెట్ల మీద నిలబడ్డ సమోత్రేస్ విజయదేవత. రెక్కలు విప్పి ఓడ ముక్కు మీద వాలిన ఆ దేవత శరీరం పారోస్ తెల్లరాయి. కాలి కింది ఓడ మాత్రం బూడిదరంగు రాయి, రోడ్స్ దీవిలోని లార్తోస్‌ది. తెలుపుకు అడుగున ఆ ముదురు రంగు ఎంత అందంగా ఉందో కన్ను చెబుతుంది. అయితే ఆ విగ్రహం రోడ్స్ నావికావిజయానికి కానుక కావచ్చన్న వాదానికి బలమిచ్చిన ఆధారాల్లో ఆ బూడిదరంగు రాయి ఊరు కూడా ఒకటి.

గుంపులు కలిసిపోతే

ఇంతవరకు విన్నది పెళ్ళిచూపుల్లో చెప్పే మాటల్లాంటిది. ఇక కాపురం సంగతి చెప్పాలి.

క్రెయిగ్ దంపతుల గ్రాఫులో నాలుగు క్వారీలున్నాయి కాబట్టి నాలుగు గుంపులూ విడివిడిగా కనబడ్డాయి. హెర్జ్ పట్టిక పెరిగేకొద్దీ, ఇతరులు కొత్త క్వారీలు చేర్చేకొద్దీ గుంపులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఒకే అంకెల జత రెండు మూడు ఊళ్ళకు సరిపోతోంది. అందుకని ఇప్పుడు ఎవరూ ఒక్క ఐసోటోపుల మీదే ఆధారపడి తీర్పు ఇవ్వరు. ముందు రేణువు పరిమాణం చూస్తారు. ఎక్స్-కిరణాలతో కాల్సైటా డోలమైటా తేలుస్తారు. ఎలక్ట్రాన్ల ధార పడితే రాయి నారింజ రంగులో వెలుగుతుందా, మసకగా ఉంటుందా చూస్తారు. ఆ వెలుగుకు ముఖ్య కారణం కాల్షియం స్థానంలో దూరిన మాంగనీసు. అదే మాంగనీసును అయస్కాంత క్షేత్రంలో పెట్టి మైక్రోవేవులతో పలకరిస్తే ఆరు గీతల సంతకం చేస్తుంది. వీటన్నిటినీ కలిపి గణాంకశాస్త్రం చేతిలో పెడతారు. అప్పుడు వచ్చే జవాబు కూడా "ఇది పారోస్" అని ఉండదు. "మా దగ్గరున్న క్వారీల్లో ఇది పారోస్‌కు ఎక్కువగా సరిపోతోంది" అని ఉంటుంది.

ఆ మాటలో "మా దగ్గరున్న" అన్న ముక్క మీద నేను మీ దృష్టిని నిలపాలనుకుంటున్నాను.

రోమన్ చక్రవర్తుల కాలపు మేలైన విగ్రహాల్లో సన్నని రేణువు తెల్లరాయి వాటిని చాలాకాలం కరారా అనుకున్నారు. పరీక్షలు చేసినా అంకెలు కరారాకు దగ్గరగానే కనబడేవి. ఈ శతాబ్దం మొదటి దశకంలో టర్కీలోని ముగ్లా దగ్గర గొక్టెపె అనే చోట పాత క్వారీలను గుర్తించి, దొనాతో అత్తనాసియో, ఆయన సహచరులు 2009లో వివరాలు ప్రకటించారు. ప్రాచీన శిల్పనగరం అఫ్రొడిసియాస్ అక్కడికి ఎంతో దూరం కాదు. గొక్టెపెలో తెల్లరాయీ ఉంది, నల్లరాయీ ఉంది. తెల్లరాయిలో మాంగనీసు బాగా తక్కువ, స్ట్రాన్షియం బాగా ఎక్కువ. ఈ గుర్తుతో మళ్ళీ చూస్తే కరారా అనుకున్న చక్రవర్తుల ముఖాలు కొన్ని గొక్టెపెవని తేలింది. దాంతో ఇటలీ రాయి అనుకున్నది ఆసియా మైనర్ రాయి అయింది. రాయి మారితే దాని వెంట వచ్చిన శిల్పి ఊరు మారుతుంది, వర్తక మార్గం మారుతుంది, ఎవరి దగ్గర ఎవరు పని నేర్చుకున్నారన్న చరిత్ర కూడా మారుతుంది.

ఇక్కడ యంత్రం తప్పు చేయలేదు. కరారా అనే జవాబు వచ్చిన రోజున యంత్రం దగ్గరున్న జాబితాలో గొక్టెపె లేదు. జాబితాలో లేని ఊరి పేరు ఏ యంత్రమూ చెప్పలేదు. పక్కూరి పేరు చెబుతుంది, అదీ చాలా ధీమాగా. అందుకే ఈ శాస్త్రంలో ప్రయోగశాల కంటే ముందు నడిచే కాళ్ళు కావాలి.

రాయి నిజం చెప్పినా

ఇక డోలమైట్ తగాదా. అమెరికాలోని గెట్టీ మ్యూజియం 1985లో రెండు మీటర్ల పైచిలుకు ఎత్తున్న ఒక యువకుడి విగ్రహం కొన్నది. గ్రీకులు కూరోస్ అనే రకం. అసలుదైతే క్రీ.పూ. 530 నాటిది. శిల్పచరిత్రకారుల్లో కొందరికి మొదటి చూపులోనే అనుమానం వచ్చింది. జుట్టు ఒక కాలపు పద్ధతి, పాదాలు మరో కాలపు పద్ధతి. స్టాన్లీ మార్గొలిస్ అనే భూగర్భశాస్త్రవేత్త మోకాలి కింద నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించాడు. రాయి డోలమైట్, చాలామటుకు థాసోస్ దీవిలోని వాథీ అగ్రానిదని ఐసోటోపులు చెప్పాయి. పైన పల్చని కాల్సైట్ పొర ఉంది. డోలమైట్ మీద అలాంటి పొర ఏర్పడాలంటే శతాబ్దాలు పడుతుందని ఆయన వాదం. విగ్రహం అసలుదేనని చాలామంది ఊపిరి పీల్చుకున్నారు.

తర్వాత ఒక్కొక్కటిగా పునాదులు కదిలాయి. విగ్రహం వెంట వచ్చిన ఉత్తరాల్లో 1952 తేదీ వేసినదాని మీద ఉన్న పిన్‌కోడు 1972 దాకా పుట్టనే లేదు. ఆ పైపొరను తక్కువ కాలంలోనే కృత్రిమంగా రప్పించవచ్చని మరికొందరు వాదించారు. 1990లో థాసోస్ డోలమైటుతోనే చేసిన ఒక నకిలీ మొండెం బయటపడింది. ఆ మ్యూజియం చాలా ఏళ్ళ పాటు విగ్రహం కింద ఒక వింత చీటీ ఉంచింది: గ్రీకు, క్రీ.పూ. సుమారు 530, లేదా ఆధునిక నకిలీ. 2018లో విగ్రహాన్ని ప్రదర్శన నుంచి తప్పించారు.

ఈ కథలో కాగితం అబద్ధమాడింది, శైలి తడబడింది, రాయి మాత్రం నిజమే చెప్పింది. తాను థాసోస్‌ది అంది. నిన్న తవ్వినా, రెండున్నర వేల ఏళ్ళ కిందట తవ్వినా థాసోస్ రాయి థాసోస్ రాయే. రాయి వయసు కోట్ల సంవత్సరాలు. దాని మీద ఉలి పడిన రోజు దాని జాతకంలో రాసి ఉండదు. మనం అడగని ప్రశ్నకు రాయి జవాబు చెప్పిందని అనుకోవడం మన తప్పు. పుట్టిన ఊరు చెప్పడం ఒక పని, చెక్కిన చెయ్యి చెప్పడం వేరే పని. మొదటిది రసాయనం చేయగలదు. రెండోదానికి కన్నూ, కాగితమూ, తవ్వకంలో దొరికిన పొరా అన్నీ కావాలి.

బట్టీలో పోయిన ఊపిరి

మన నేలకు వస్తాను. అమరావతి మహాచైత్యం పలకలకు ఇంగ్లీషువాళ్ళు పెట్టిన పేరు అమరావతి మార్బుల్స్. 1845లో అక్కడ తవ్వకాలు చేయించిన వాల్టర్ ఎలియట్ పేరుమీద ఎలియట్ మార్బుల్స్ అని కూడా అన్నారు. ఏథెన్సు నుంచి బ్రిటిష్ దొర ఎల్గిన్ తీసుకెళ్ళిన పార్థెనాన్ శిల్పాలను ఎల్గిన్ మార్బుల్స్ అన్నారు కదా, ఆ వరసలోనే ఇదీ. 1859లో ఆ పలకలు ఓడెక్కి లండన్ చేరాయి. నిజానికి అవి పాలరాయి కావు, పలనాటి సున్నపురాయి. భూమి లోపల ఉడకని, స్ఫటికాలుగా మారని, లేత ఆకుపచ్చ ఛాయ కలిసిన రాయి. ఊరు తప్పలేదు గాని జాతి తప్పింది, పేరు అలాగే నిలిచిపోయింది.

ఇంకో సంగతి మనసుకు కష్టం కలిగిస్తుంది. 1797లో సర్వేయరు కాలిన్ మెకంజీ ఆ మహాచైత్యం దిబ్బను చూశాడు. 1816లో మళ్ళీ వచ్చేసరికి చాలా పలకలు లేవు. కొన్ని కట్టడాలకు పోయాయి, కొన్ని సున్నపు బట్టీల్లోకి పోయాయి. రోములో కూడా మధ్యయుగాల్లో ఇదే జరిగింది. ఫోరం శిథిలాల మధ్యే బట్టీలు పెట్టి విగ్రహాలను సున్నం చేశారు. నూరు కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోలు కార్బన్ డయాక్సైడుగా గాలిలో కలుస్తుంది. ప్రయోగశాలలో శాస్త్రజ్ఞులు ఒక్క చుక్క ఆమ్లంతో రప్పించి, సీసాలో పట్టుకుని, అణువు అణువూ లెక్కపెట్టేది ఈ గ్యాసునే. రాయి పుట్టిన సముద్రం కబురు అందులోనే ఉంది. బట్టీలో పోయింది శిల్పమే కాదు, ఆ కబురు కూడా.

మిగిలినవి ఇప్పుడు అమరావతిలో, చెన్నైలో, లండన్‌లో, ఇంకా అనేక చోట్ల ఉన్నాయి. మధ్యధరాలో చెల్లిన గ్రాఫును తెచ్చి వీటి మీద పరిస్తే సరిపోతుందని నేను అనను. ఉడకని సున్నపురాయి పొరలు విశాలంగా పరుచుకుని ఉంటాయి, ఈ ఊరికీ ఆ ఊరికీ ఐసోటోపుల తేడా స్వల్పంగానే ఉండవచ్చు. సూక్ష్మ మూలకాలు, రంగు, రేణువు, పొరల తీరు అన్నీ కలిపి చూడాలి. దానికి ముందు పోల్చుకోవడానికి క్వారీల నమూనాలు కావాలి.

చివరగా ఒక విగ్రహం. ఎర్రసముద్రం ఒడ్డున ఈజిప్టు రేవు బెరెనికేలో, 2022లో తవ్వకాల్లో ఒక బుద్ధుడు దొరికాడు. 2023 ఏప్రిల్‌లో ఈజిప్టు పురావస్తు శాఖ ఆ సంగతి ప్రకటించింది. ఎత్తు 71 సెంటీమీటర్లు, కాలం క్రీ.శ. రెండో శతాబ్దం అని అంచనా. రాయి ఇస్తాంబుల్‌కు దక్షిణాన ఉన్న ప్రాంతానిది కావచ్చని ఆ ప్రకటనలో చెప్పారు. అదే రేవులో ఒక పెద్ద జాడీలో సుమారు 7.5 కిలోల భారతీయ మిరియాలు కూడా దొరికాయి. బుద్ధుడి రూపం మనది, రాయి వాళ్ళది. విగ్రహం భారతదేశం నుంచి ఓడెక్కి వెళ్ళిందని కంటితో చూసి ఎవరైనా అనుకుంటారు. ఆ అంచనా నిజమైతే రాయి అడ్డు తగిలి, ప్రయాణం చేసింది విగ్రహం కాదు, బుద్ధుడి తలపు అని చెబుతుంది.

విద్యార్థులకు

చోటు చాలక వెనక నిలబడ్డ పిల్లలతో ఒక మాట. మాస్ స్పెక్ట్రోమీటరు మీ కాలేజీలో లేకపోవచ్చు, దాని గురించి దిగులు పడకండి. గొక్టెపె నేర్పిన పాఠం గుర్తుంచుకోండి: యంత్రం కంటే ముందు జాబితా. పలనాడులో పాత రాతిగుంటలున్నాయి. ఆధునిక సున్నపు బట్టీలకూ సిమెంటు గనులకూ అదే రాయి కావాలి, పిడుగురాళ్ళను సున్నపు ఊరు అంటారంటే ఊరికే కాదు. పాత ఉలి గుర్తులున్న గోడలు కొత్త గనుల్లో కలిసిపోకముందే వెళ్ళండి. పిడికెడంత రాయి తీసి, సంచిలో వేసి, ఏ ఊరు, ఏ గుంట, ఏ పొర, ఏ తేదీ అన్నది చెరగని సిరాతో రాసి కాలేజీ బీరువాలో పెట్టండి. చీటీ లేని రాయి ఎంత అందంగా ఉన్నా పారేయండి. స్మారక చిహ్నాల మీద మాత్రం చెయ్యి వేయకండి, అక్కడ పొడి తీసే అధికారం పురావస్తు శాఖది.

మాస్టారి గాజుసీసా ఇప్పుడు వారి కుమార్తె గారి దగ్గర ఉంది. ఈ సభ కోసం దాన్ని తీసుకొచ్చి ఈ బల్ల మీద పెట్టారు. సీసా ఖాళీగా ఉంది. ఈ ధర్మనిధి వడ్డీతో మొదట కొనాల్సింది రాతి నమూనాలు దాచే బీరువా అని దీన్ని ఏర్పాటు చేసిన పూర్వ విద్యార్థులకు విన్నవిస్తున్నాను.